బావమరిది పట్టిన తాడు

అడవిలోకి పోవడానికి టికెట్టు కొనాల్సిన రోజొకటి వస్తుందని మా నాయనకు ఎవరైనా చెప్పి ఉంటే, పాపం వీడికి వడదెబ్బ తగిలిందని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి ఉండేవాడు. ఆ రోజు వచ్చింది. మొన్న ఎండాకాలం సెలవుల్లో మా మనవరాలు పట్టుబట్టి నంద్యాల నుంచి నన్ను జీపు సవారీకి తీసుకుపోయింది. పులి కనపడుతుందని దాని ఆశ. నాకు పులి మీద ఆశ లేదు. ఆ దారి ఒకసారి చూసి వద్దామని బయలుదేరాను.

టికెట్లు ఇచ్చే గది పక్కనే చిన్న అంగడి పెట్టారు. పులి బొమ్మల టోపీలు, చొక్కాలు, వాటి మధ్యలో తేనె సీసాలు. స్వచ్ఛమైన అడవి తేనె అని వాటి మీద చీటీ అంటించి ఉంది. మనవరాలు ఒకటి కొని, మూత తీసి నా చేతిలో పెట్టింది. ముందు వాసన చూశాను. అది నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పొగ వాసన లేదు, మైనం వాసన లేదు, ఏ పువ్వు వాసనా లేదు. నాలుక మీద వేసుకుంటే పలచటి బెల్లం పాకంలా ఉంది. "ఎట్లుంది అవ్వా?" అని అడిగింది. తియ్యగా ఉందన్నాను. నాకు నోటి దురుసని మా ఇంట్లో పేరే గానీ, ఆ పిల్ల ముఖం చూసి ఆ పూటకు నోరు కట్టేసుకున్నాను.

గేటు మీద పెద్ద బోర్డు ఉంది. మనిషి అడుగు పడని అడవికి స్వాగతం అని అందమైన అక్షరాలతో రాయించారు. ఆ అడవిలో మనిషి అడుగులు ఎన్ని పడ్డాయో నాకు తెలుసు. నా చెప్పుల్లేని కాళ్ళవే ఎన్నో ఉన్నాయి. సీసా ఒళ్ళో పెట్టుకుని జీపెక్కి కూర్చున్నాను. జీపు ముందుకు పోయింది గానీ, నా మనసు ఆళ్లగడ్డలో మా అంగడి వెనక గదిలోకి పోయింది.

మాది కిరాణా అంగడి అనేవాళ్ళు గానీ, ముప్పాతిక వ్యాపారం అడవి సరుకుదే. ముందు గదిలో బియ్యం, బేడలు, ఉప్పు, పొగాకు ఉండేవి. వెనక గదిలో కుంకుడుకాయలు, చింతపండు, షర్బత్తుకు వాడే నన్నారి వేర్లు, జిగురు, తేనె డబ్బాలు. ఆ తలుపు తీస్తే నన్నారి వాసన ముందొచ్చేది, చింతపండు పులుపు తర్వాత తగిలేది, వాటి కిందుగా తేనె వాసన మెల్లగా వచ్చేది. మా అమ్మ చీరలకు కూడా ఆ వాసనే. నాకు ఇప్పటికీ అమ్మ అంటే ముందు గుర్తొచ్చేది నన్నారి.

తేనె డబ్బాల మూతలు మైనంతో బిగించేవారు. ఆ మైనాన్ని గోటితో గీకి, సందులో చీపురుపుల్ల దూర్చి, పుల్లకు అంటిన తేనె నాకడం సెలవుల్లో నాకు ఉద్యోగం. చీమలు వరుస కట్టి నన్ను పట్టించేవి. దేవుడికి పోయాల్సినదాన్ని ఎంగిలి చేస్తున్నావంటూ మా అవ్వ వీపు మీద ఒకటేసేది. మా అవ్వ మడి మనిషి. తేనె తెచ్చిన మనిషిని గడప దాటనిచ్చేది కాదు. నీళ్ళడిగితే పైనుంచి దోసిట్లో పోసేది. తేనెకు మాత్రం మైల లేదు, నేరుగా దేవుడి గదిలోకి పోయేది.

ఆ తేనె తెచ్చే మనిషినే నేను తేనెత్త అనేదాన్ని. అహోబిలం పైన కొండల్లో ఉండే చెంచు గూడెం ఆమెది. సంత రోజు ఆమె గంప నెత్తిన పెట్టుకుని, ఆమె మొగుడు తేనె డబ్బాలు కావడికి కట్టుకుని దిగి వచ్చేవాళ్ళు. వాళ్ళ వెనకే ఆమె తమ్ముడు. అతనికి అప్పుడు మీసాలు కూడా సరిగా రాలేదు. ఏ పిట్ట కూతైనా కూసేవాడు. గద్దలా కూస్తే మా పక్కింటి కోళ్ళన్నీ బెదిరి గూట్లో దూరేవి. నన్ను చూస్తే ఊరికే ఉండేవాడు కాదు, శెట్టి కూతురిని మా గూడెం పిల్లోడికి ఇచ్చి చేస్తామని ఏడిపించేవాడు. నేను ఏడ్చేదాన్ని. తేనెత్త వాడి నెత్తిన మొట్టి, కొంగు ముడిలోంచి మొర్రిపండ్లు తీసి నా చేతిలో పోసేది. ఆ పండ్లు ఆమె ఒంటి వెచ్చదనానికి మెత్తబడి ఉండేవి.

ఆమె పండ్ల కంటే ఆమె కూర్చునే తీరు నాకు ఇష్టం. అరుగు మీద ఒక కాలు మడిచి, ఒక కాలు కిందికి వేలాడేసి కూర్చుని, మా నాయన ఏం చెప్పినా ఊ కొడుతూ, చివరకు తను అనుకున్నదే చేసేది. పట్నం బుద్ధులు మావి, అడవి బుద్ధులు వాళ్ళవి అనుకునే మా నాయనను చూసి ఆమె నవ్వుకునేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఎండాకాలంలో మా నాయన ఖాళీ డబ్బాలు బండికెత్తుకుని కొండ కిందికి పోయేవాడు. ఆయనకు మగపిల్లలు లేరు. అందుకని నేనే తోక. బండి ఆగిన చోటి నుంచి నడక. రాళ్ళదారి, ఎండుటాకులు, తునికి చెట్ల నీడ. గూడెం చేరేసరికి నా కాళ్ళు బొబ్బలెక్కేవి. తేనెత్త వాటికి ఏదో ఆకు నలిపి పూసి, చింతపండులో బూడిద కలిపి ముద్ద చేసి పెట్టేది. బూడిద తినడమేందని మొదటిసారి ముఖం తిప్పాను. తిన్నాక తెలిసింది, చింతపండు పులుపు చచ్చి అదో కమ్మదనం వస్తుందని. ఇంటికొచ్చి అమ్మను బూడిద పెట్టమని అడిగి తిట్లు తిన్నాను.

అంతకన్నా పెద్ద తప్పు ఒకటి అక్కడే చేశాను. తేనెపట్టు ముక్క నమలమని తేనెత్త తమ్ముడు నాకిచ్చాడు. తెల్లగా, వెన్నలా మెత్తగా ఉన్నదేదో నోట్లో కరిగిపోయింది. ఇంకొంచెం పెట్టమన్నాను. అవి ఈగ పిల్లలని అప్పుడు చెప్పి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉల్లిపాయ కూడా ముట్టని మా అవ్వకు ఆ సంగతి ఎవరు మోశారో తెలియదు. నాకు తలారా స్నానం, నెత్తిన పసుపు నీళ్ళు, ఒక పూట పస్తు. పస్తులో కూడా ఆ రుచే గుర్తొచ్చింది.

గూడేనికి పైన నిలువు కొండచరియ ఒకటి ఉంది. వాళ్ళు దాన్ని పట్లబండ అనేవారు. బండ కడుపు కింద పెద్ద ఈగల పట్లు నల్లటి గోనెసంచులు వేలాడేసినట్టు ఉండేవి. పైనుంచి తాడు కట్టుకుని దిగి, పొగ పెట్టి, పట్టు కోసి, గంపలోకి దింపాలి. కింద లోయ. తాడు జారితే ఇక మనిషిని ఎత్తుకు రావడానికి కూడా ఏమీ మిగలదు.

అందుకని వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. దిగేవాడి తాడును వాడి పెండ్లాం తోడబుట్టినవాడే పట్టాలి. అన్నదమ్ములు పట్టరాదు. అన్నదమ్ముడి మనసులో ఎప్పుడేం పుడుతుందో చెప్పలేమట. స్నేహితుడు పట్టరాదు, వాడికి చెయ్యి నొప్పి పుడితే వదిలేస్తాడట. బావమరిది అట్లా కాదు. తన అక్క బొట్టు తన చేతుల్లోనే ఉంది. చేతులు తెగినా వదలడు. ఇది నాకు తేనెత్త చెప్పింది. పెండ్లిచూపులకు వచ్చినప్పుడు వాళ్ళ నాయన పిల్లోడి గురించి ఏమీ అడగలేదట. "మా వాడు తాడు పడతాడు, నువ్వు దిగుతావా?" అని మాత్రం అడిగాడట.

ఆ దిగడం నేను కళ్ళారా చూశాను. తమ్ముడు బండ అంచుకు కొంచెం ఎగువన, రాయికి మడమలు తన్ని కూర్చున్నాడు. తాడు నడుముకు ఒక చుట్టు తిప్పి, రెండు చేతులతో పట్టాడు. పిట్ట కూతలు, ఎగతాళి అన్నీ పోయి ఆ ముఖం వేరే ముఖమైంది. తేనెత్త అంచు వైపు చూడలేదు. వీపు తిప్పి కూర్చుని, నన్ను ఒళ్ళో వేసుకుని, నా జుట్టు విప్పి మళ్ళీ అల్లుతూ ఉంది. అల్లిన జడనే విప్పి అల్లింది. కింద ఈగల హోరు, పచ్చి ఆకుల పొగ. మొగుడి తల అంచు పైకి రాగానే ఆమె లేచి, ఏమీ జరగనట్టు కట్టెలు ఏరుకోవడానికి పోయింది.

బండ అంచున తాడు ఒరుసుకునే చోట రాయి గాడి పడి ఉంది. వేలు పెడితే నున్నగా తగిలింది. తన తాతలు, వాళ్ళ తాతలు పట్టిన తాళ్ళు గీసిన గీత అదని తమ్ముడు చెప్పాడు. రాయిని తాడు కోస్తుందా అని నేను నమ్మలేదు. నువ్వు ముసలిదానివయ్యాక వచ్చి చూడు, ఇంకొంచెం లోతై ఉంటుందన్నాడు.

ఆ తర్వాతి ఏడు అడవిని కొలిచేవాళ్ళు వచ్చారు. గొలుసులు, మూడు కాళ్ళ దుర్భిణి, డేరాలు. వాళ్ళకు దారి చూపింది తేనెత్త మొగుడే. ఏ వాగు ఎటు పోతుందో, ఎండాకాలంలో ఏ గుంటలో నీళ్ళు నిలుస్తాయో, పులి ఎక్కడ ఈనుతుందో అన్నీ తిప్పి చూపించాడు. వాళ్ళు వాటిని కాగితం మీద ఎక్కించుకున్నారు. సంత రోజు మా అరుగు మీద కూర్చుని, కొండనంతా చాప చుట్టినట్టు చుట్టి గొట్టంలో పెట్టుకుపోయినారని నవ్వుతూ చెప్పాడు. మా నాయన మాత్రం నవ్వలేదు. ఊరికే ఎవరూ కొలవరనేది కోమటి బుద్ధి. పులుల కోసం అడవిని కట్టడి చేస్తున్నారని, లోపల మనుషులు ఉండకూడదంటున్నారని ఆయన నంద్యాలలో విని వచ్చాడు.

ఆ మాట చెప్పినా తేనెత్త మొగుడు లెక్క చేయలేదు. అహోబిలం సామి చెంచుల ఆడబిడ్డను చేసుకున్నాడు కాబట్టి, ఆయన వాళ్ళకు అల్లుడు. "అల్లుడుండే ఊర్లోనుంచి అత్తగారోళ్ళను ఎవురు ఎళ్ళగొడతారు శెట్టీ?" అన్నాడు. దేనికైనా ఒక ఉపాయం ఉండాలనుకునే మనిషి మా నాయన. అడవి ఆఫీసులో తెలిసినవాళ్ళను పట్టుకుని, తేనెత్త తమ్ముడికి అడవి కాపలా ఉద్యోగం ఇప్పించాడు. మనవాడొకడు ఖాకీ చొక్కా వేసుకుంటే గూడెం జోలికి ఎవరూ రారని ఆయన లెక్క. గూడెం కూడా అదే లెక్క వేసుకుంది.

అంత తెలివితక్కువ లెక్క మా అంగట్లో ఎన్నడూ ఎవరూ వేయలేదు.

ఖాకీ చొక్కా వేసుకుని తమ్ముడు మా అంగడికి వచ్చిన రోజు మా అవ్వ కూడా గడపలోకి వచ్చి చూసింది. అమ్మ పూర్ణం పెట్టి బచ్చాలు చేసి, ఆకులో పెట్టి ఇచ్చింది. చొక్కా వాడికి వదులు. చేతులు మోచేతుల దాకా మడిచి, మీసం లేని చోట మీసం తిప్పుకుంటూ, నన్ను చూసి సెల్యూట్ కొట్టాడు. అందరం నవ్వాం. తేనెత్త ఒక్కతే నవ్వలేదు. ఆమె అరుగు మీద కూర్చుని, వాడి బొత్తాలు చూస్తూ, "ఇంక తాడెవురు పడతారురా?" అని అడిగింది. నేనే పడతా, ఇంకెవురు పడతారని వాడన్నాడు. మా నాయన తక్కెడ సరిచేసుకుంటూ ఉండిపోయాడు.

ఏడాది తిరక్కుండానే తేనె తీయరాదన్నారు. చెట్టు ముట్టరాదు, నిప్పు పెట్టరాదు, గడ్డలు తవ్వరాదు. గూడెం కిందికి దిగి రావాలని, ఇండ్లు కట్టిస్తామని పదే పదే కబురు పెట్టారు. గూడెం కదల్లేదు. ఆ కబుర్లు మోసింది తమ్ముడే. పొద్దున కబురు చెప్పేవాడు, మధ్యాహ్నం అదే గూడెంలో అక్క చేతి గంజి తాగేవాడు. పెద్దవాళ్ళు వాడితో మాటలు తగ్గించారు. పిట్ట కూతలు మానేశాడని తేనెత్త అంది.

ఆ ఎండాకాలం మా నాయన కొండెక్కింది సరుకు తేవడానికి కాదు. అడవి సరుకు కొన్నా నేరమేనని చెప్పారు కాబట్టి, ఇక కొనలేనని చెప్పడానికి పోయాడు. నన్నూ తీసుకుపోయాడు. గూడెంలో పొయ్యిలు చల్లగా ఉన్నాయి. పిల్లలు తునికిపండ్ల గింజలు చప్పరిస్తున్నారు. పైన పట్లబండ మీద పెరలు నిండి, తేనె దానంతటదే కారుతోందట. మా నాయన చెప్పడానికి పోయిన మాట మార్చాడు. ఈ ఒక్కసారికి తెస్తే తీసుకుంటానన్నాడు.

తేనెత్త మొగుడు తాడు తీశాడు. తమ్ముడు ఆ పొద్దు డ్యూటీ మీదనే గూడేనికి వచ్చి ఉన్నాడు. ఎవరూ వాడిని రమ్మనలేదు, వద్దనలేదు. వాడు అక్క ముఖం ఒకసారి చూసి, పైకి నడిచాడు. బండ దగ్గర ఖాకీ చొక్కా విప్పి తునికి కొమ్మకు తగిలించాడు. మడమలు రాయికి తన్ని, తాడు నడుముకు తిప్పాడు. తేనెత్త వీపు తిప్పి కూర్చుని నన్ను ఒళ్ళోకి లాక్కుంది. నేను అప్పటికి ఒళ్ళో పట్టనంత ఎదిగాను.

పొగ చూసినట్టున్నారు. అడవి దొర ఇద్దరు గార్డులను వెంటబెట్టుకుని చెట్లలోంచి వచ్చాడు. ఆ దొర చెడ్డవాడు కాదు, ఆ సంగతి చెప్పాలి. అడవిని ప్రాణంగా చూసుకునే మనిషి. పిట్టల కోసం గంటల కొద్దీ దుర్భిణి పట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి నాకు బిస్కెట్లు కూడా ఇచ్చాడు. ఆయన ముందు చెట్టుకు వేలాడే చొక్కాను చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. తాడు వదిలేసి ఇటు రమ్మన్నాడు.

తమ్ముడు తల తిప్పలేదు. "తాడుకు మా బావ ఉండాడు సార్. వదల్లేను," అన్నాడు.

గార్డు ఒకడు వాడి భుజం మీద చెయ్యి వేయబోతే దొర ఆపాడు. ఆయనకు అప్పుడు అర్థమైంది. అంచు దగ్గరికి వచ్చి కిందికి చూసి, వెనక్కి అడుగేసి, ఒక రాయి మీద కూర్చున్నాడు. పారిపోవాలంటే తమ్ముడికి అడవంతా దారే. తాడు మాత్రం వాడిని కట్టేసింది. చెమట కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోవడానికి వాడికి చెయ్యి లేదు. తేనెత్త నా జడ అల్లడం ఆపి, జుట్టు గుప్పిట్లో పట్టుకుని ఉంది. నొప్పి పుట్టినా నేను అరవలేదు.

బావ పైకి వచ్చాడు. గంప నిండా పట్లు, ఒళ్ళంతా పొగ, పెదవి మీద ఈగ కుట్టిన వాపు. దొరను చూసి గంప కింద పెట్టి నిలబడ్డాడు. దొర గొంతు పెంచలేదు. ఇద్దరి మీదా కేసు రాయాలి, రాస్తే ఇద్దరూ జైలుకే పోతారు, కాబట్టి రాయనన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు.

"వచ్చే అమావాస్య లోపల గూడెం కిందికి దిగాల. నువ్వు చెప్తే మీ అక్క వింటుంది. మీ అక్క దిగితే అందరూ దిగుతారు."

తమ్ముడి అరచేతుల్లో తాడు కోసిన చోట నెత్తురు ఉంది. ఆ చేతులు రెండూ జోడించి సరేనన్నాడు. తేనెత్త లేచి, కొమ్మకున్న చొక్కా తీసి, దులిపి, తమ్ముడి భుజాన వేసింది. ఆమె తిట్టినా బాగుండేది. నేను ఆ పూట అక్కడ ఉండకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

గూడెం దిగింది. కింద మైదానంలో రేకుల ఇండ్లు కట్టించారు. ఇంటికింత నేల ఇచ్చారు, నేలంతా రాళ్ళే. చెట్టు నీడ లేదు. రేకుల కింద ఉడికిపోలేక వాళ్ళు ఇండ్ల బయట గుడిసెలు వేసుకున్నారు. ఇండ్లిస్తే ఉండడం కూడా తెలియదని ఊళ్ళోవాళ్ళు నవ్వారు. మా నాయన బియ్యం బస్తా వేయించుకుని పోతే, తేనెత్త మొగుడు కొండ వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడట. పలకరిస్తే, అల్లుడి ఇంటికి పోవాలన్నా ఇప్పుడు చీటీ కావాల శెట్టీ అన్నాడట. తర్వాత సారా మరిగాడు. పనికి పిలిచేవాడు లేడు, పిలిచినా ఏ పని చేయాలో ఆ చేతులకు తెలియదు.

అంతెత్తు బండ మీద ఎన్నడూ కాలు జారని మనిషి, కాలనీ ముందు పిల్లకాలవలో బోర్లా పడి, మోకాలు మునగని నీళ్ళలో చచ్చిపోయాడు.

మా నాయనతో నేనూ పోయాను. తమ్ముడు ఖాకీ చొక్కాతోనే వచ్చి, గుడిసె ముందు మట్టిలో కూర్చున్నాడు. తేనెత్త ఏడవడం లేదు. నుదుటి బొట్టు చెరిపేసి ఉంది. తమ్ముడి వైపు తిరిగి, మెల్లగా అంది.

"ఆపొద్దు తాడు వదల్లేదు, కొండను వదిలేస్తివి. తాడు వదిలినా ఇంతే గదరా. మీ బావ బేగా పోయుండేవాడు, మానంగా పోయుండేవాడు."

అదే ఆమె వాడితో మాట్లాడిన ఆఖరి మాట. ఆ తర్వాత ఒకే కాలనీలో, ఎదురెదురు గుడిసెల్లో వాళ్ళు బతికారు. ఆమె నీళ్ళకు పోతుంటే వాడు ఇంట్లోకి పోయేవాడు.

కొన్నాళ్ళకు తమ్ముడు ఆ తాడును చుట్ట చుట్టి తెచ్చి మా అంగట్లో పెట్టాడు. ఇది ఇంట్లో ఉంటే అక్క గుడిసె వైపు చూడలేకున్నానన్నాడు. మా నాయన దాన్ని వెనక గదిలో మేకుకు తగిలించాడు. అది వాడిన తాడు, బాగా గట్టిది. బావికి కట్టుకుందామని అమ్మ ఒకసారి అడిగింది. ఎన్నడూ కసరని మనిషి అమ్మ మీద కసిరాడు. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనేనని, అడిగినా అడగకపోయినా వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఎవరూ ఆయనను తప్పు పట్టలేదు. అదే ఆయనను తినేసింది.

ఆ తర్వాత ఒక ముసురు రోజు తేనెత్త మా అంగడికి వచ్చింది. గంప లేదు. కూతురి బిడ్డకు దగ్గు, మందులోకి కాస్త తేనె కావాలని చిన్న గిన్నె ముందుకు చాపింది. తేనె కొనడానికి వచ్చింది తేనెత్త. వెనక గదిలో ఆమె మొగుడు దించిన తేనె ఒక డబ్బా అడుగున గడ్డకట్టి ఇంకా కొంత మిగిలి ఉంది. మా నాయన దాన్ని పొయ్యి సెగకు కరిగించి, గిన్నె నింపి, ఆమె దుడ్లు తీస్తుంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎవరి తేనో ఆమెకు తెలిసిపోయింది. గిన్నె కొంగుతో కప్పుకుని వానలోనే వెళ్ళిపోయింది. మా అవ్వ గడపలో నిలబడి లోపలికి రమ్మని పిలిచింది. జీవితంలో మొదటిసారి పిలిచింది. ఆమె వినలేదో, వినిపించుకోలేదో తెలియదు. ఆ రోజు నుంచి మా అంగట్లో తేనె అమ్మలేదు.

తేనెత్త ఎప్పుడు పోయిందో మాకెవరూ చెప్పలేదు. తమ్ముడు రిటైరయ్యాక మతి చెదిరిందని, కాలనీలో కూర్చుని గాలిలో రెండు చేతులూ బిగించి పట్టుకునేవాడని విన్నాను. చూడడానికి పోలేదు. చూసి చేసేదేముంది? రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అంగడి కూలగొట్టారు. మేకుకున్న తాడు తీయబోతే నా చేతిలోనే పొడిపొడిగా రాలింది. లోపలంతా పురుగు తినేసి ఉంది.

జీపు ఆగితే ఈ లోకంలోకి వచ్చాను. చుట్టూ ఇనుప కమ్మీలు, బెంచీ, ఫోటోలు తీసుకునే చోటు. పేరు మార్చి వ్యూ పాయింట్ అన్నారు గానీ, తునికి చెట్టును చూసి గుర్తుపట్టాను. అది పట్లబండ. మనవరాలు ఫోను పట్టుకుని అంచుకు పరిగెత్తింది. జీపు నడిపే పిల్లవాడు ఆకుపచ్చ చొక్కా వేసుకుని, నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు. ఈ కొండల్లో ఎప్పుడూ మనుషులు ఉండలేదని, అందుకే పులులకు ఇంత ఇష్టమైన చోటైందని చెప్పాడు. వంగి చూడమన్నాడు. చూశాను. బండ కింద ఎక్కడ చూసినా పట్లే. నా చిన్నప్పుడు కూడా అన్ని లేవు. పాతవి ఎండి నల్లబడ్డాయి, వాటి పక్కనే కొత్తవి. కోసేవాడు లేక తేనె రాతి మీద కారి చారలు కట్టింది.

కమ్మీ కింద చెయ్యి పెట్టి వెతికాను. గాడి ఉంది. వేలు పెడితే నున్నగానే తగిలింది. లోతు ఒక్క వెంట్రుక కూడా పెరగలేదు. అదేమిటని పిల్లవాణ్ణి అడిగాను. వాన నీళ్ళకు అరిగిందమ్మా అన్నాడు.

వాడి ముఖం అప్పుడు సరిగా చూశాను. ఏ ఊరప్పా అంటే, కింద కాలనీ, మేం చెంచులమే అన్నాడు. పెద్దవాళ్ళ పేర్లు అడగలేదు. ఎవరి మనవడో తెలిస్తే మాత్రం నేను తట్టుకోగలనా? వేరే ఏదో అడిగాను. అక్కచెల్లెళ్ళు ఉన్నారా అన్నాను. అక్క ఉంది, పోయినేడు పెండ్లయింది, బావ నంద్యాలలో ఆటో తోలుతాండాడన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాడి ముఖంలో సంతోషం కనిపించింది.

"మీ బావ తేనెకు దిగితే తాడు ఎవురు పట్టాల?" అని అడిగాను.

వాడు నా ముఖం చూశాడు, నా వేలు ఉన్న చోటు చూశాడు. నన్ను నొప్పించకూడదనుకున్నాడేమో, మర్యాదగా నవ్వాడు.

"ఏం తాడమ్మా?"